సఫారీ అంటే ప్రయాణం: నైరోబీ, మారా, మొంబాసా

మన దగ్గర సఫారీ అనే మాటకు చాలానే పని ఉంది. హైదరాబాద్ జూపార్కులో సింహాల సఫారీ ఉంది. నల్లమలలో ఫర్హాబాద్ వైపు జంగిల్ సఫారీ ఉంది. ఒకప్పుడు ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు సఫారీ డ్రెస్ కుట్టించుకునేవారు. టాటా వాళ్ళ కారుకూ అదే పేరు. దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టును మన పేపర్లు సఫారీలు అని రాస్తాయి. నిజానికి ఈ మాట పుట్టింది ఆ దేశంలో కాదు. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీలో పుట్టింది. అక్కడ సఫారి అంటే ప్రయాణం. దానికి అడవి అక్కర్లేదు, జంతువు అక్కర్లేదు, జీపు అక్కర్లేదు.

మా అక్క, బావగారు కెన్యా రాజధాని నైరోబీలో ఉంటున్నారు. ఆగస్టులో వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడి అభయారణ్యం మసాయి మారా చూడాలన్నది ఎలాగూ ఉంది. దాంతోపాటు ఈ మాటను దాని సొంత మనుషుల నోట వినాలని కూడా మనసులో పెట్టుకునే బయల్దేరాను.

మొదటి రోజు: నైరోబీ

పార్క్‌ల్యాండ్స్‌లో అక్కవాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కారు ఆగగానే వాచ్‌మన్ నవ్వుతూ అడిగాడు, "హబారి యా సఫారి?" అని. ప్రయాణం ఎలా జరిగిందని. ఊరి నుంచి వచ్చిన ఎవరినైనా ఇక్కడ ముందు అడిగేది ఇదే. "న్జురి అని చెప్పవే, బాగా జరిగిందని" అంది అక్క. చెప్పాను.

ఆ హబారి ఏమిటో వెంటనే తెలిసింది. అరబ్బీ ఖబర్ మనకు కబురు అయింది, వీళ్ళకు హబారి అయింది. సఫారిదీ అదే దారి. అరబ్బీలో సఫర్ అంటే ప్రయాణం. హైదరాబాద్ ఉర్దూలో వినపడే సఫర్, రైల్వే స్టేషన్ల దగ్గర ముసాఫిర్‌ఖానా, వీళ్ళ మ్సఫిరి అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవే. మ్సఫిరి అంటే ప్రయాణికుడు. సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఇలాంటి మాటలు అడుగడుగునా తగిలాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద హతారి అని బోర్డు. మన ఖతర్నాక్‌లో ఉన్న ఖతరే అది, ప్రమాదం అని. కొట్టును దుకా అంటారు, అంటే మన దుకాణం. వంట తయారీ అయిందా అన్నదానికి వాళ్ళ మాట కూడా తయారి. కలం వాళ్ళకు కలాము.

అక్క ఇంట్లో పనికి వచ్చే ఆవిడను మాటల్లో మీ ఆయన ఏం చేస్తుంటాడని అడిగాను. "అమెసఫిరి" అంది. అంటే ఊరెళ్ళాడు. కిసుము వైపు వాళ్ళ ఊళ్ళో ఏదో శుభకార్యం ఉందట. ఆయన ఏ సింహాన్నీ చూడడానికి వెళ్ళలేదు. తాతలనాటి ఇంటికి బస్సెక్కి వెళ్ళాడు, అదీ సఫారే.

రాత్రి భోజనాల దగ్గర బావగారు ఈ క్రియ తీరు చెప్పారు. "మనం వెళ్తున్నాను అన్నప్పుడు ఎవరు, ఎప్పుడు అన్నవి మాట చివర చేరతాయి కదమ్మా. వీళ్ళకు అవన్నీ ముందు చేరతాయి. నినసఫిరి అంటే నేను ప్రయాణం చేస్తున్నాను. ని అంటే నేను, న అంటే ఇప్పుడు." ఆ తర్వాత నుంచి బస్సుల మీదా, ఫోన్లలో వినపడే మాటల్లోనూ ముక్కలు విడదీసి వెతకడం మొదలుపెట్టాను. ఇక్కడ అందరి చేతుల్లో ఉన్న ఫోన్ కంపెనీ పేరు కూడా సఫారికామ్. కూరగాయల బండి దగ్గర డబ్బు చెల్లించే ఎమ్-పెసా దానిదే, 2007లో మొదలైంది. పెసా అంటే మన పైసానే.

రెండో రోజు: రైల్వే మ్యూజియం

అక్కకు ఆఫీసు ఉండడంతో బావగారు, నేను నైరోబీ స్టేషన్ పక్కనున్న రైల్వే మ్యూజియానికి వెళ్ళాం. పట్టాల మీద పాత ఇంజన్లు ఎండలో వరసగా నిలబడి ఉన్నాయి. లోపల ఒక బోగీ ఉంది. 1900లో కిమా స్టేషన్‌లో మనుషుల్ని తినే సింహం కోసం కాపు కాస్తూ నిద్రపోయిన చార్లెస్ రైయల్ అనే పోలీసు అధికారిని సింహం లాక్కుపోయింది ఆ బోగీలోంచే. జనం దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు.

నేను ఆగింది ఫొటోల దగ్గర. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896, 1901 మధ్య వేసిన ఈ రైలు మార్గం కోసం మన దేశం నుంచి దాదాపు 32,000 మంది కూలీలను తెచ్చారు. ఎక్కువమంది పంజాబ్ వాళ్ళు. వాళ్ళలో సుమారు 2,500 మంది పని మీదే చనిపోయారు. ఇంత చావు జరిగిన చోట సింహం పేరు అందరికీ తెలుసు, జ్వరాలతో పోయిన మనుషుల పేర్లు ఎవరికీ తెలియవు. నాకు అది న్యాయంగా అనిపించలేదు.

సఫారి అనే మాట ప్రపంచానికి పాకడం కూడా ఇలాగే జరిగింది. రైలు రాకముందు సఫారి అంటే బిడారు. బగామోయో లాంటి సముద్రపు రేవుల నుంచి లోపలి సరస్సుల దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా, నెలల తరబడి నడక. బండ్లకు దారి లేదు. త్సెత్సే ఈగ కాటుకు ఎద్దులు, గుర్రాలు చచ్చిపోయేవి. కాబట్టి సరుకంతా మనిషి తల మీదే, భుజాల మీదే వెళ్ళాలి. ఒక్కొక్కరి మీద ముప్ఫై కిలోల దాకా బరువు. వెళ్ళేటప్పుడు గుడ్డ, పూసలు, ఇత్తడి తీగ. వచ్చేటప్పుడు ఏనుగు దంతం. బానిసలుగా పట్టిన మనుషుల్ని కూడా ఇవే దారుల్లో నడిపించారు. ఆ మోసేవాళ్ళను వపగాజి అనేవారు. వాళ్ళలో న్యామ్వేజి జాతివాళ్ళు పేరు మోసినవారు. ఆ బిడార్లకు సరుకు అప్పిచ్చిన వర్తకుల్లో గుజరాత్‌లోని కచ్ఛ్ వాళ్ళు చాలామంది ఉన్నారు. కనికి అనే నీలం రంగు గుడ్డ మన దేశం నుంచే ఆ మూటల్లోకి చేరేది.

1857లో ఇంగ్లీషు అన్వేషకులు రిచర్డ్ బర్టన్, జాన్ స్పెక్ ఈ దారి పట్టారు. బర్టన్ రాతలతో సఫారి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆ తర్వాత వేటగాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అమెరికా అధ్యక్ష పదవి దిగిన థియోడోర్ రూజ్‌వెల్ట్ 1909 ఏప్రిల్‌లో మొంబాసాలో దిగి, రైలు ఇంజన్ ముందు బెంచీ మీద కూర్చుని జంతువులను చూస్తూ వచ్చాడు. రెండువందల మందికి పైగా కూలీలు ఆయన సామాను మోశారు. ఆయన, ఆయన కొడుకు కెర్మిట్ కలిసి కాల్చి చంపినవి 512 జంతువులు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి వాటిలో చాలా నమూనాలుగా వెళ్ళాయి. ఆయన రాతలు చదివిన డబ్బున్నవాళ్ళంతా నైరోబీకి వరస కట్టారు. ఇంగ్లీషులో సఫారి అంటే వేట అని ఖాయమైంది. వేటగాడి జేబుల చొక్కా నుంచే మన సఫారీ డ్రెస్ వచ్చింది. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్నలను కలిపి బిగ్ ఫైవ్ అంటారు కదా, అది కూడా కాలినడకన వేటాడడానికి కష్టమైనవి అని వేటగాళ్ళు పెట్టుకున్న లెక్కే. అందం లెక్క కాదు. ఏనుగుకంటే జిరాఫీ తక్కువా?

1977లో కెన్యా వేటను నిషేధించింది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. మాట మాత్రం జంతువుల దగ్గరే ఉండిపోయింది.

మూడో రోజు: మారా దారిలో

తెల్లారకముందే బయల్దేరాం. అక్క కూడా సెలవు పెట్టింది. లిమురు దాటాక రోడ్డు పక్కన రిఫ్ట్ లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మాయి మహియు దిగే మలుపుల్లో ఇటలీ యుద్ధ ఖైదీలు 1942లో కట్టిన చిన్న చర్చి ఉంది. ఒక అరగది అంత ఉంటుంది. అక్కడ టీ తాగి కదిలాం.

ఇక్కడి నుంచి నైవాషా దగ్గరే. 2021 నుంచి ప్రపంచ ర్యాలీ పోటీల్లో భాగంగా సఫారీ ర్యాలీ అక్కడే జరుగుతోంది. ఈ కార్ల పందెం 1953లో ఇంగ్లండ్ రాణి పట్టాభిషేకం పేరుమీద మొదలైంది. కెన్యా, ఉగాండా, టాంగన్యికా (ఇప్పటి టాంజానియా) మట్టిదారుల్లో వేల కిలోమీటర్లు తిరిగేవారు. జోగీందర్ సింగ్ అనే సిక్కు 1965, 1974, 1976లో గెలిచాడు. ఇక్కడి పెద్దవాళ్ళు ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. ఈ పందెం పేరులో సఫారీకి అసలు అర్థం నిలిచింది. దూరం, దుమ్ము, దారిలో ఏమవుతుందో తెలియకపోవడం.

నరోక్ దాటాక మా డ్రైవర్‌కు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "నికో సఫారిని" అన్నాడు, ప్రయాణంలో ఉన్నానని. పెట్టేశాక అడిగాను, మేం జంతువుల్ని చూడడానికి వెళ్తున్నాం కదా, దాన్ని మీరేమంటారని. "మ్బుగాని వెళ్తున్నామంటాం" అన్నాడు. మ్బుగా అంటే గడ్డిమైదానం, పార్కు అని కూడా. "సఫారి మీ టికెట్ మీద ఉంటుంది. నాకు ఇది కాజి" అన్నాడు. కాజి అంటే పని. టూరిస్టులతో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు తానూ సఫారి అనే అంటాడట. ఒకే మనిషి నోట ఒకే మాట రెండు భాషల్లో రెండు అర్థాలతో తిరగడం ఎవరికీ ఇబ్బందిగా లేదు.

మధ్యాహ్నానికి సెకెనానీ గేటు. జూలై నుంచి డిసెంబర్ దాకా విదేశీయులకు ప్రవేశ రుసుము మనిషికి రోజుకు 200 డాలర్లు, మిగతా నెలల్లో 100. ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

నాలుగో రోజు: మారా నది

డ్రైవర్ "రేపు పన్నెండింటికి" అని చెప్తే అక్క నవ్వి నాకు వివరించింది. స్వాహిలీ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్ళకు ఒంటిగంట. మన పొద్దున్న ఆరు వాళ్ళకు పన్నెండు. పొద్దు పొడుపు నుంచి ఘడియలు లెక్కపెట్టిన మన పంచాంగానికి ఇది కొత్తేమీ కాదు.

చలి బాగా ఉంది. చీకట్లో గడ్డి మీద మంచు మెరుస్తోంది. మొదట కనపడింది హైనా. పొట్ట వేలాడుతూ, రాత్రంతా తిన్న బరువుతో నడుస్తోంది. తర్వాత రెండు ఆడ సింహాలు పిల్లలతో గుట్ట మీదికి ఎండకు వచ్చాయి. పిల్లలు తల్లి తోకను పట్టుకుని లాగుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం మాట్లాడలేదు. ఇంత దగ్గరగా, మనల్ని పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుంటున్న ప్రాణిని చూడడం గొప్ప భాగ్యం. సఫారి అర్థం కుదించుకుపోయిందని ఎంత అనుకున్నా, ఈ దృశ్యం కోసం జనం రావడంలో తప్పు లేదనిపించింది.

టాంజానియాలోని సెరెంగెటీ నుంచి మారాకు, మళ్ళీ వెనక్కి, పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు వానల వెంట ఏటా తిరుగుతుంటాయి. స్వాహిలీలో వాటిని న్యుంబు అంటారు. నది దాటడం చూడాలని ఒడ్డున ఎదురుచూశాం. మంద ఒడ్డుకు వస్తుంది, ముందున్నవి నీళ్ళు చూసి ఆగుతాయి, వెనక్కి తిరుగుతాయి. దుమ్ము లేస్తుంది. మళ్ళీ వస్తాయి. నీళ్ళలో మొసళ్ళు కదలకుండా ఉన్నాయి. చివరికి ఒకటి దూకింది. అంతే, మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ దూకేశాయి. ఆ అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

అప్పుడే ఒక బాధ కలిగించే పని కూడా చూశాను. మంద దిగే దారికి అడ్డంగా కొన్ని వాహనాలు దూసుకొచ్చి ఆగాయి, ఫొటోల కోసం. వెనకనున్న జంతువులు బెదిరి చెల్లాచెదురయ్యాయి. తల్లుల నుంచి విడిపోయిన దూడలు ఒడ్డునే అరుస్తూ పరుగెత్తాయి. ఒక జంతువు చుట్టూ ఐదు వాహనాలకు మించి ఉండకూడదన్నది ఇక్కడి నిబంధన. మా డ్రైవర్ బండిని దూరంగానే ఉంచాడు, ఇంకా ముందుకు పొమ్మని మేం అడగలేదు. మీరు వెళ్ళినా అడగకండి. బండిలో కూర్చున్నవాళ్ళు టిప్పు ఆశ చూపి తొందర పెట్టకపోతే డ్రైవర్లు చాలామంది రూలు ప్రకారమే నడుస్తారు.

ఐదో రోజు

తిరిగి నైరోబీ. దారంతా నిద్రపోయాం.

ఆరో రోజు: మొంబాసా రైల్లో

నైరోబీ నుంచి మొంబాసాకు 2017 మే 31న మొదలైన కొత్త రైలు పేరు మదారకా ఎక్స్‌ప్రెస్. మదారకా అంటే స్వపరిపాలన. 1963 జూన్ 1న కెన్యాకు అది దక్కింది. దాదాపు 472 కిలోమీటర్ల దారి. పొద్దున్న అన్ని స్టేషన్లలో ఆగే రైలు ఎక్కితే మంచిదని బావగారు టికెట్ తీసిచ్చారు. ఎందుకంటే పట్టాలు త్సావో పార్కుల గుండా వెళ్తాయి, వెలుతురుండాలి.

నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. తలకు రంగుల గుడ్డ, ఒళ్ళో సంచి, కాళ్ళ దగ్గర పెద్ద డబ్బా. కూతురు ప్రసవానికి మొంబాసా వెళ్తోందట. పక్కనున్న కాలేజీ అమ్మాయి మా ఇద్దరికీ మాట కలిపింది. ఇద్దరు మనవరాళ్ళు ఇప్పటికే ఉన్నారని చెప్పి, పెద్దావిడ నవ్వుతూ "సఫారి హీ..." అని ఏదో అంది. అమ్మాయి వివరించింది: ఈసారి మగపిల్లాడని ఆవిడ నమ్మకం. సఫారి హీ అంటే మాటకు మాటగా ఈ ప్రయాణం. వాడుకలో ఈసారి. మన ఊళ్ళో "ఈ ట్రిప్పు మనమే గెలుస్తాం" అంటారు చూడండి, అచ్చం అలాగే. ఫుట్‌బాల్ గురించీ, ఎన్నికల గురించీ కూడా ఈ మాటే వాడతారట.

మ్టిటో అండేయి దాటాక నేల ఎర్రగా మారింది. కిటికీలోంచి ఏనుగులు కనపడ్డాయి. త్సావో ఏనుగులు ఎర్రమట్టి జల్లుకుని ఇటుక రంగులో ఉంటాయి. నేను లేచి నిలబడ్డాను. ఇంకో ఇద్దరు విదేశీయులూ ఫోన్లు తీశారు. పెద్దావిడ ఒకసారి తలతిప్పి చూసి, మళ్ళీ సంచిలోంచి ఉడకబెట్టిన మొక్కజొన్న తీసి నాకో ముక్క ఇచ్చింది. ఆ బోగీలో అసలైన సఫారిలో ఉన్నది ఆవిడే. కూతురి కోసం నూనె డబ్బా మోసుకుని, పిల్లకు స్నానం ఎవరు పోయిస్తారో ఆలోచిస్తూ వెళ్తోంది. ఏనుగుల్ని చూడడానికి వచ్చినవాళ్ళం మేం. వందల ఏళ్ళుగా ఆ మాటలో ఉన్నదంతా ఆవిడ వైపే ఉంది.

ఇదే త్సావో నది దగ్గర 1898లో రెండు సింహాలు వంతెన కట్టే కూలీలను నెలల తరబడి చంపాయి. ఇప్పుడు వాటి చర్మాలతో చేసిన బొమ్మలు షికాగో మ్యూజియంలో ఉన్నాయి. రైలు ఆ చోటును నిమిషంలో దాటేసింది.

దిగేటప్పుడు పెద్దావిడ నా తల మీద చెయ్యి వేసి "సఫారి న్జెమా" అంది. క్షేమంగా వెళ్ళి రమ్మని.

ఏడో రోజు: మొంబాసా

పొద్దున్న మహమ్రి, మ్బాజి తిన్నాను. మహమ్రి కొబ్బరిపాలు, యాలకులు వేసి పొంగించిన పూరీ లాంటిది. మ్బాజి అంటే కందులే, కొబ్బరిపాలలో వండినవి.

ఫోర్ట్ జీసస్‌ను పోర్చుగీసువాళ్ళు 1593, 1596 మధ్య కట్టారు. 2011లో యునెస్కో జాబితాలో చేరింది. బురుజు మీద నిలబడితే సముద్రం మీంచి గాలి బలంగా కొట్టింది. సంవత్సరంలో కొన్ని నెలలు ఈశాన్యం నుంచి కస్కాజి, మిగతా నెలలు దక్షిణం నుంచి కూసి గాలులు వీస్తాయి. ఆ గాలుల్ని పట్టుకునే అరేబియా, గుజరాత్, మలబార్ తెరచాప ఓడలు వచ్చిపోయేవి. సఫర్, ఖబర్, దుకాన్ అన్నీ సరుకుతోపాటు ఇక్కడ దిగాయి. మాది బందరు. ఇక్కడ రేవును బందారి అంటారు. పోర్టు గోడ మీద ఆ అక్షరాలు చూసి ఊరు గుర్తొచ్చి కాసేపు అక్కడే ఉండిపోయాను.

పాత ఊరి సందుల్లో చెక్కిన తలుపులున్న ఇళ్ళ మధ్య ఒక చోట గోడకు పేపర్ అంటించి ఉంది, మరణ ప్రకటనలతో. సఫారి యా మ్విషో అని ఒకదాని మీద చదివాను. చివరి ప్రయాణం. మనం అంతిమయాత్ర అంటాం. తీర్థయాత్ర, పాదయాత్ర, అంతిమయాత్ర అన్నిటికీ మనకు యాత్ర ఎలా ఉందో, వీళ్ళకు సఫారి అలా ఉంది. బతుకులో ఉన్న కదలిక అంతా పట్టే మాట అది. దాన్ని జీపులో కూర్చుని జంతువుల్ని చూడడానికి మాత్రమే వాడడం నాకు ఇక సాధ్యం కాదు.

మార్కెట్ వైపు మ్కోకొటేని అనే రెండు చక్రాల తోపుడుబండ్లు బస్తాలతో వెళ్తున్నాయి. తోసేవాళ్ళను హమాలి అంటారు. మన హమాలీయే. గుడ్డను చుట్టలా తల మీద పెట్టుకుని బస్తా ఎత్తుకునే తీరు కూడా బందరు గోడౌన్ల దగ్గర చూసినట్టే ఉంది. వపగాజిల కాలంలో మూట మోసిన చేతులు ఇవే. ఇంగ్లీషు పుస్తకాల్లో సఫారి చేసింది బర్టన్, రూజ్‌వెల్ట్. కాళ్ళతో చేసింది మాత్రం వీళ్ళు.

నీడలో బండి ఆపుకున్న ఒకతను ఎక్కడి నుంచి వచ్చావని కాస్త ఇంగ్లీషులో పలకరించాడు. చెప్పాక, మీరు సఫారికి వెళ్తారా అని అడిగాను. కెన్యాలో పశ్చిమాన ఉన్న కాకమెగా వైపు వాళ్ళ ఊరట, డిసెంబర్‌లో క్రిస్మస్‌కు వెళ్తాడట. నైరోబీ మీదుగా రాత్రీ పగలూ బస్సు. అమ్మకు దుప్పటి, చక్కెర, వంట నూనె, పిల్లలకు స్కూలు బూట్లు. మన సంక్రాంతి బస్సుల్లాగే ఆ వారం టికెట్ల రేట్లు అమాంతం పెరిగిపోతాయి. అందుకే ఈసారి నవంబర్‌లోనే టికెట్ కొనేస్తానన్నాడు. సఫారి హీ అనే అన్నాడు.